చేతులు బయటే

మా ఇంట్లో మిక్సీ బొత్తాం నొక్కే ముందు నేను "చేతులు?" అని అడుగుతాను. వంటింట్లో నేను తప్ప ఎవరూ లేకపోయినా అడుగుతాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఉలిక్కిపడి తన అరచేతులు తిప్పి చూసుకునేవాడు. ఇప్పుడు అలవాటైపోయి, వరండాలో పేపరు మీంచి తల ఎత్తకుండానే "నావి ఈడ్నే ఉండాయి, నీవి చూసుకో" అంటాడు. నంద్యాలలో కాపురం పెట్టి, బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యి, మనవరాలిని ఎత్తుకునే వయసు వచ్చినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మా నాయనది లారీ అనీ, ఇంజను కడిగే రోజు ఆయన అలా అడిగేవాడనీ మా ఆయనకు ఎప్పుడో చెప్పాను. అది సగమే. మిగతా సగం పోయిన నెల ఒక శనివారం దాకా ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెలలో మా చిన్నాయన దేవదానం పోయి నలభై దినాలైంది. చిన్నాయన అంటే మా నాయనకు ఒక్కడే తమ్ముడు. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారు, ఒక రోజు ముందే రమ్మని ఆయన కొడుకు ప్రభుదాసు ఫోను చేశాడు. శనివారం మధ్యాహ్నం అన్నం తిని నంద్యాలలో బస్సెక్కి, శిరివెళ్ల దాటేదాకా కునుకు తీసి, ఆళ్లగడ్డలో దిగేసరికి ఎండ వాలుతోంది. మా వీధి మొదట్లో విగ్రహాలు చెక్కే షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఉలి చప్పుడులో రాయి కోసే మిషన్ల రొద కలిసింది, అంతే తేడా. ఇల్లు ఇంకా నాలుగడుగులు ఉందనగానే వాసన తగిలింది. కిరసనాయిలు, సబ్బునీళ్లు, తడిసిన సున్నపురాతి దుమ్ము, మూడూ కలిసిన వాసన. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇంటి ముందు ఖాళీ స్థలంలో ప్రభుదాసు లారీ క్యాబిన్‌ను ముందుకు వంచి, ఇంజను కడుగుతున్నాడు. శనివారం గదా, కడగక ఏం చేస్తాడు.

శనివారం బండి కడగడం మా ఇంట్లో పుట్టిన నియమం. పెట్టింది మా జేజి, నాయన తల్లి. ఆదివారం మనిషికి ఎట్లాగో ఇంజనుకూ అట్లాగే సెలవు ఉండాలని ఆమె పట్టు. సెలవు తీసుకునేది ఏదైనా ఒళ్లు కడుక్కునే తీసుకోవాలి. వారమంతా నాయన, చిన్నాయన బనగానపల్లె గనుల నుంచి నాపరాళ్లు ఎత్తుకుని నంద్యాలకో, ఆళ్లగడ్డకో, అక్కడి నుంచి చెప్పినచోటికో తోలేవాళ్లు. శనివారం పగటికల్లా బండి ఇంటి ముందుకు వచ్చేది. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాత లారీ అది. నాపరాతి దుమ్ము ఇంజను మీద చమురుతో కలిసి రొట్టెపిండిలా పేరుకుని ఉండేది. ఆ పిండిని గీకకపోతే ఇంజను వేడెక్కుతుందని నాయన, గలీజు బండి ముందర పెట్టుకుని ప్రార్థన చేయనని జేజి. ఇద్దరి కారణాలూ వేరు, పని ఒకటే.

ఆ పనికి ఒక వరస ఉండేది. వేడి ఇంజను మీద నీళ్లు పోస్తే ఇనుము పగులుతుందని, బండి రాగానే ముందు మూత ఎత్తి పెట్టి, అన్నదమ్ములు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిని వేపచెట్టు కింద పడుకునేవాళ్లు. ఇంజను చల్లారేదాకా జేజి ఎవరినీ దాని దగ్గరికి పోనిచ్చేది కాదు. తన పెద్దవేలి గోరు ఇనుముకు ఆనించి చూసి, "ఇంగ లేవండప్పా" అనేది. అప్పుడు చక్రాల కింద రాళ్లు. ఆ తర్వాత బ్యాటరీ వైరు విప్పడం. ఆ వైరు కొన బ్యాటరీకి తగలకుండా అమ్మ పాత చీరపేలిక చుట్టేవాళ్లు. డైనమోకూ గాలి పీల్చే గొట్టం మూతికీ సైకిలు ట్యూబు ముక్కలు కప్పి తాడుతో బిగించేవాళ్లు. కిరసనాయిల్లో ముంచిన కుచ్చుతో చిన్నాయన మూలమూలా రుద్దేవాడు, నాయన గీకేవాడు. కిరసనాయిలు డబ్బా తెరిచి ఉన్నంతసేపు నాయన బీడీ చెవి మీదే ఉండేది, అగ్గిపెట్టె జేజి కొంగులో ఉండేది. చివర సబ్బునీళ్లు, మంచినీళ్లు, పొడిగుడ్డలు. పొడిగుడ్డలు లెక్కపెట్టి ఇచ్చేది అమ్మ, లెక్కపెట్టి తీసుకునేది అమ్మే. ఇంజను ఆరాలంటే బండి కొంచెంసేపు నడవాలి. అందుకని బ్యాటరీ వైరు తగిలించి, నాయన సీటులోకి ఎక్కేవాడు.

అక్కడొక చిక్కు ఉంది. ఎత్తిన ఇంజను మూత నాయనకు అడ్డం. సీటులో కూర్చున్నవాడికి ముందు ఎవరున్నారో, ఎవరి చెయ్యి ఎక్కడుందో కనబడదు. అందుకని నాయన తాళం మీద చెయ్యి పెట్టి "చేతులు?" అని అరిచేవాడు. మూత అవతల నుంచి చిన్నాయన "బయటే" అనేవాడు. ఆ మాట వినబడ్డాకనే నాయన తాళం తిప్పి సెల్ఫు కొట్టేవాడు. వినబడకపోతే కొట్టకూడదు. చెయ్యి లోపల ఉన్నవాడు పలకకూడదు. పలకలేదంటే చెయ్యి లోపల ఉందని అర్థం. మా వీధిలో లారీలున్న ఇళ్లన్నిటిలోనూ ఇదే పద్ధతి, మా ఇంట్లో మరీ గట్టి పద్ధతి. ఇంజను అందుకున్నాక జేజి వచ్చి తడి బానెట్ మీద చెయ్యేసి రెండు నిమిషాలు ప్రార్థన చేసేది. అది అయ్యాక నాకు బహుమానం, కడిగిన బండిలో చర్చి మలుపు దాకా ఒక సుట్టు. వారమంతా నేను ఎదురుచూసేది దానికే.

నాకప్పుడు పదేళ్లుంటాయి. సువార్త అని నా పేరు. ఇంట్లో మాత్రం గొంతులమ్మ అనేవాళ్లు. ఎవరి గొంతైనా ఒకసారి వింటే నాకు వచ్చేసేది. చర్చిలో అయ్యగారు ప్రసంగం మధ్యలో గొంతు సవరించుకునే తీరు, జేజి పక్కింటామెను పిలిచే తీరు, అమ్మ విసుగు, అన్నీ పలికేదాన్ని. చుట్టాలొస్తే నన్ను మంచం మీద నిలబెట్టి పలికించేవాళ్లు. అన్నిటికంటే చిన్నాయన గొంతు నాకు తేలిక. అప్పుడాయనకు ఇరవై రెండేళ్లు, సన్నగా బక్కగా ఉండేవాడు, గొంతు కూడా సన్నమే. "బయటే" అనేటప్పుడు చివర కొంచెం పాటలా లాగేవాడు. ఎందుకంటే ఆయన చర్చిలో హార్మోనియం వాయించేవాడు, ఏ మాటైనా కొంచెం పాడినట్టే ఉండేది. శనివారం సాయంత్రం ఇంజను పనైపోయాక చింతపండు, బూడిద పెట్టి వేళ్ల సందుల్లో మసి పోయేదాకా అరగంట రుద్దుకునేవాడు. తెల్లని మెట్ల మీద నల్లని వేళ్లు పెడితే పాట మురికవుతుంది పాపా, అనేవాడు నాతో.

ఒకసారి ఇంజను కడిగే రోజు, చిన్నాయన చేతులు బయటే ఉన్నప్పుడు, ఆయన కంటే ముందు నేనే ఆయన గొంతుతో "బయటే" అన్నాను. నాయన తాళం తిప్పాడు. చిన్నాయన పగలబడి నవ్వాడు, అమ్మ కూడా నవ్వింది. నాయన దిగొచ్చి నా ముందు గొంతుక్కూర్చుని, "ఇది ఆటమాట గాదు పాపా. ఇంగో తూరి అన్నావంటే బండెక్కనీను" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదని చాలా ఏళ్లు అనుకున్నాను. కానీ తప్పు నాయన మీద నెట్టే ఉపాయాలు నా దగ్గర చాలానే ఉండేవి, ఇదీ అందులో ఒకటి.

నాయన అలా చెప్పాక వచ్చిన ఒక శనివారం జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పనంతా అయిపోయింది. అమ్మ గుడ్డలు లెక్కపెట్టి ఒకటి తక్కువైందని చిన్నాయనతో అంది. నాయన అప్పటికే సీటులోకి ఎక్కాడు. నేను ఇంటి మెట్ల మీద, తల దువ్వుకుని రిబ్బను కట్టుకుని సుట్టుకు తయారుగా కూర్చున్నాను. చిన్నాయన వీపు నాకు కనబడుతోంది, ఆయన ముందుకు వంగి ఆ తప్పిపోయిన గుడ్డ కోసం చూస్తున్నాడు. నాయన "చేతులు?" అన్నాడు. జవాబు లేదు. రాయి చెక్కే షెడ్లలో చప్పుడు గట్టిగా ఉంది. నాయన ఆగాడు. చాలాసేపు ఆగినట్టు నాకు అనిపించింది, పొద్దు పోతోంది, చీకటి పడితే సుట్టు ఉండదు. నాయన మళ్లీ "చేతులు?" అన్నాడు. అప్పుడు "బయటే" అన్న మాట వినబడింది. చివర పాటలా లాగిన మాట. అది నా నోట్లోంచే వచ్చింది.

ఇంజను ముందుండే ఫ్యాను చిన్నాయన కుడిచేతి మధ్యవేలు, ఉంగరం వేలు తీసుకుపోయింది. ఇంతకంటే రాయను. అమ్మ ఆ చేతికి చుట్టింది తను లెక్కపెట్టి ఇచ్చిన గుడ్డలే. నాయన ఆయన్ని అదే బండిలో పక్కన కూర్చోబెట్టుకుని నంద్యాల పెద్దాసుపత్రికి తోలుకుపోయాడు. కడిగిన బండి, తడి ఇంకా ఆరలేదు. నేను రిబ్బనుతో మెట్ల మీద నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. జేజి నా తల నిమిరి, "పాప బెదిరింది, లోపలికి తీసకపోండి" అంది.

మూడో రోజు నన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు. పోయేటప్పుడు బస్సులో నిర్ణయం చేసుకున్నాను, చెప్పేస్తానని. వార్డులోకి పోయేసరికి నాయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల గడ్డం. ఆయన అడుగుతున్నాడు, "నువ్వు పలకలేదేమో రా. నేనేమన్నా తప్పు ఇన్యానా?" చిన్నాయన కళ్లు తెరిచి ముందు నన్ను చూశాడు. తర్వాత నాయన్ని చూశాడు. "నేనే పలికినా అన్నా. చేతులు బయట పెట్టే పలికినా. పలికినాక గుడ్డ కనపడ్య, మల్లా పెట్టినా. తప్పు నాదే." నాయన తల పట్టుకున్నాడు. "పలికి మల్లా ఎట్ల పెడ్తివిరా" అన్నాడు. ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

పదేళ్ల పిల్లకు ఆ మాట ఎంత ఆసరా అయిందో చెప్పలేను. ఆయన పలికాడట. అయితే ఇద్దరం ఒక్కసారే పలికి ఉంటాం. నాయనకు వినబడింది ఆయన గొంతే అయి ఉంటుంది, నాది షెడ్ల చప్పుళ్లో కలిసిపోయి ఉంటుంది. ఆయన స్వయంగా చెబుతున్నాడు గదా. ఆ "అయి ఉంటుంది" మీదే నేను హైస్కూలు చదివాను, ట్రైనింగు చేశాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను. ఎప్పుడైనా దాని మీద అనుమానం వస్తే వంటింట్లోకి పోయి ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. ఆ రోజు తర్వాత నేను ఎవరి గొంతూ పలకలేదు. ఉద్యోగంలో ఉండగా బడి వార్షికోత్సవంలో పిల్లలు మిమిక్రీ చేస్తే తలనొప్పని స్టాఫ్ రూములోకి పోయి కూర్చునేదాన్ని. మిస్సుకు హాస్యం పడదు అనుకునేవాళ్లు పిల్లలు.

చిన్నాయనకు మాత్రం ఆ మాట ఆసరా కాలేదు. దాని ఖరీదు ఆయన జీవితాంతం కట్టాడు. నాయనకు తన చేత్తో తాళం తిప్పిన బాధ, ఆ బాధను మోయలేక దాన్ని పాఠం చేసుకున్నాడు. కొత్త క్లీనరు ఎవడు కనబడినా, "పలికినాక చెయ్యి పెట్టకూడదప్పా. మా తమ్ముడు పెట్టి చూడు ఏమైందో" అని చెప్పేవాడు. చిన్నాయన పక్కనే ఉన్నా చెప్పేవాడు. ఆయన తల వంచుకుని వినేవాడు. ఆళ్లగడ్డలో లారీలవాళ్ల మధ్య ఆ కథ నిలబడిపోయింది. అజాగ్రత్త మనిషి అని పేరు పడ్డాక ఇంజను పని చెప్పేవాళ్లు లేరు. ఎన్నో ఏళ్లు ఎత్తుడు కూలీగా పనిచేసి, నడివయసులో గానీ మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఆ కథ నేనూ పెళ్లిళ్లలో, పండగల్లో పది మంది నోట విన్నాను. విన్న ప్రతిసారీ నీళ్లు తాగడానికి లేచేదాన్ని.

ఇంకొకటి చెప్పాలి, హార్మోనియం సంగతి. ఐదారు నెలలకు చిన్నాయన చర్చిలో మళ్లీ పెట్టె ముందు కూర్చున్నాడు. ఈసారి ఎడమచేత్తో వాయించడం మొదలుపెట్టాడు. తప్పులు పోయేవి, జనం ఓర్చుకునేవాళ్లు. తిత్తి ఊదడానికి ఆయన నన్ను పిలిచాడు. "సువార్తమ్మా, నువ్వు గాలి ఇయ్యి, నేను పాట ఇస్తా" అన్నాడు. హైస్కూలుకని నన్ను నంద్యాల హాస్టల్లో వేసేదాకా రెండేళ్లు ప్రతి ఆదివారం ఆయన పక్కన కూర్చుని తిత్తి ఊదాను. కుడిచేతికి రెండు వేళ్లు లేక ఊదలేకపోతున్నాడని అనుకున్నాను. తర్వాత సెలవులకు వచ్చినప్పుడు చూస్తే, ఆ మిగిలిన మూడు వేళ్లతోనే తిత్తి చక్కగా ఊదుకుంటున్నాడు. అలవాటైందేమో అనుకున్నాను. ఊదడానికి మూడు వేళ్లు ఎప్పుడైనా సరిపోతాయని నాకు తట్టలేదు, లేదా తట్టనివ్వలేదు.

బండి కడిగే చోటికి మాత్రం నేను మళ్లీ పోలేదు. ఊళ్లో ఉన్న శనివారాల్లో జేజి దగ్గర వెనక గదిలో కూర్చుని, చెవులు మూసుకుని వెయ్యి దాకా అంకెలు లెక్కపెట్టేదాన్ని. నాయన పోయాడు, జేజి, అమ్మ పోయారు. మొన్న చిన్నాయన శవపెట్టె మూసే ముందు చూశాను. ఎవరో ఆయన కుడిచేతిని ఎడమచేతి కింద దాచి పెట్టారు, చూడ్డానికి బాగుండదని. ఆ చేతిని పైకి తీసి పెట్టాలనిపించింది. చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాను.

ఇంత జ్ఞాపకం మోసుకుని నేను పోయిన నెల ఆ శనివారం వాసన దగ్గర ఆగిపోయాను. ప్రభుదాసు నన్ను చూసి, "ఏందక్కా ఆడ్నే నిలబడితివి, రా" అన్నాడు. నలభై దాటినవాడు, తండ్రిలా సన్నగా ఉంటాడు కానీ గొంతు వాళ్లమ్మది, బొంగురు. అతని భార్య సునంద లోపల రేపటి కూటానికి ఉల్లిగడ్డలు కోస్తోంది. నాకు కుర్చీ వేశాడు. ఈసారి వెనక గది లేదు, జేజి లేదు. కూర్చుని చూశాను.

పని అదే, సరంజామా మారింది. క్యాబిన్ వంచాక అది కూలకుండా ఇనుప కడ్డీ పెట్టి, రెండుసార్లు ఊపి చూసి గానీ కింద తల పెట్టలేదు. సైకిలు ట్యూబు ముక్కల బదులు వైర్లు కలిసే చోటల్లా ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వేశాడు. ఈ కాలం బండికి వైర్లే నరాలక్కా, ఆడ తడిస్తే కదలదు, అన్నాడు. నీళ్లు కొట్టే మిషను ఉంది, దాన్ని దూరంగా పెట్టి మెల్లగా పోనిచ్చాడు. బ్యాటరీ వైరు కొనకు మాత్రం చీరపేలికే చుట్టాడు. కొత్త బండి, పాత పేలిక. ఇంజను చల్లారిందో లేదో చూడ్డానికి పెద్దవేలి గోరు ఆనించాడు. మా జేజిని అతను చూడను కూడా లేదు.

అంతా తుడిచి, కవర్లు విప్పి, క్యాబిన్ దించి లాకు వేసి, బ్యాటరీ వైరు తగిలించాడు. సునందను పిలిచాడు. చేతులు ఖాళీ లేవంది ఆమె. "అక్కా, నువ్వు సీట్లో కూచో. తాళం తిప్పితే చాలు" అన్నాడు నాతో. వద్దంటే కారణం చెప్పాలి. మెట్టు పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. అరవై దాటిన మోకాళ్లు, అంత ఎత్తు సీటు. తాళం మీద చెయ్యి పెట్టగానే నా ప్రమేయం లేకుండా నా నోట్లోంచి "చేతులు?" అని వచ్చింది.

జవాబు రాలేదు. కిటికీలోంచి ఉలుల చప్పుడు వినబడుతోంది. అప్పుడు ప్రభుదాసు బంపరు మీదికి ఎక్కి, రెండు అరచేతులూ అద్దానికి ఆనించి నా ఎదుట నిలబడ్డాడు. పది వేళ్లూ విడదీసి పెట్టాడు. నేను తాళం తిప్పలేదు. "పలకవేంరా?" అన్నాను.

"పలికేది లేదక్కా. ఈడ పద్ధతి ఇదే. మూత మూసి, రెండు చేతులూ అద్దానికి పెట్టాల. అవి చూసినాకనే తిప్పాల."

"ఎవరు పెట్టినారీ పద్ధతి?"

"నాయన. గొంతు ఎవరిదైనా అయితాది, చేతులు చూడు అనేవాడు. నాకు స్టీరింగు ఇచ్చిన మొదటి దినమే చెప్పినాడు. మా బండ్లో పనిచేసే అందరికీ అదే. ఏమక్కా, బాగల్యా?"

గొంతు ఎవరిదైనా అవుతుంది. యాభై ఏళ్లు నేను నిలబడ్డ నేల అంతటితో పోయింది. ఆయన పలకలేదు. పలకలేదని ఆయనకు తెలుసు, పలికింది ఎవరో కూడా తెలుసు. ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచి ముందు నన్నే చూశాడు. చూసి, నేను నోరు తెరవకముందే నాకు దారి చేశాడు. తిత్తి ఊదడానికి పిలిచింది తన చేతి కోసం కాదు, నా చేతుల కోసం. వాటికేదో పని ఇవ్వాలనుకున్నాడు. ఇంత తెలిసి నాతో ఒక్క మాట అనలేదు, పద్ధతి మాత్రం మార్చిపెట్టాడు, ఇంకే పిల్లా నాలాగా కాకుండా.

ఇప్పుడు కూడా ఊరుకోవచ్చు. తెలిసినవాళ్లందరూ పోయారు. కానీ రేపు కూటంలో పాత డ్రైవర్లు లేచి మాట్లాడతారు, మంచివాడు దేవదానం, ఒక్క అజాగ్రత్తే ఆయన బతుకు తీసింది అంటారు. ఆ మాట ఆయన కొడుకు ముందు వరసలో కూర్చుని వింటాడు.

"ప్రభూ, మీ నాయన అజాగ్రత్త మనిషి గాదు" అన్నాను. "ఆ దినం మీ నాయన పలకలేదు. చెయ్యి లోపలుంది కాబట్టి పలకలేదు. పలికింది నేను. మీ నాయన గొంతుతో పలికినా, సుట్టుకు పొద్దుపోతాందని." కిటికీలోంచి చెప్పాను, అద్దం అవతల అతని చేతులు అలాగే ఉన్నాయి. మిగతాది కూడా చెప్పాను, ఆసుపత్రి మాట, మా నాయన పాఠం, నేను నీళ్లు తాగడానికి లేవడం.

ప్రభుదాసు బంపరు మీంచి దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే న్యాయంగా ఉండేది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "మా నాయనకు ఇంజను పని ఎవరూ ఇయ్యకపోతే నేను సిగ్గుపడేవాణ్ని అక్కా" అన్నాడు. "చిన్నప్పుడు ఒకసారి మొగం మీదనే అంటి, నీ అజాగ్రత్తకు మేం పస్తులుండాల్నా అని. ఏం మాట్లాడ్లా ఆయన."

"రేపు కూటంలో లేచి చెప్తా" అన్నాను.

"చెప్పు. అందరూ ఇనాల." గుడ్డ మడిచి, లెక్కపెట్టి బకెట్టు అంచున పెట్టాడు. మళ్లీ నావైపు చూశాడు. "నీకు అందరి గొంతులూ వచ్చేవంట. నాయన చెప్పేవాడు, అన్నిట్లోకీ నాదే బాగా పలికేది అని."

"ఎప్పుడు చెప్పేవాడు?"

"శానా తూర్లు. నవ్వుకుంటా చెప్పేవాడు." బకెట్టు పక్కకు జరిపాడు. "ఫోన్లో యాడా రికార్డు ల్యాదక్కా. నాయన గొంతు ఇని నలభై దినాలాయ. నీకు ఇంగా వస్తాదా?"

నేను రాదన్నాను. అతను తల ఊపి మళ్లీ ముందుకు పోయి, బంపరెక్కి, అద్దానికి రెండు చేతులూ ఆనించాడు. అడగకుండానే అడుగుతున్నాడు. నేను తాళం పట్టుకుని కళ్లు మూసుకున్నాను. మొదట ఒక ముసలి పంతులమ్మ గొంతు వచ్చింది, పనికిరానిది. రెండోసారి కొంచెం సన్నబడింది. అప్పుడు చిన్నాయన చింతపండుతో వేళ్లు రుద్దుకుంటూ పాపా అనే తీరు గుర్తు తెచ్చుకున్నాను, చివర పాటలా లాగే ఆ లాగుడు గుర్తు తెచ్చుకున్నాను.

"బయటే" అన్నాను.

ఇంట్లో ఉల్లిగడ్డలు కోసే చప్పుడు ఆగింది. సునంద కత్తి పట్టుకుని గడపలోకి వచ్చి, బండి వైపూ వీధి వైపూ చూసింది. ప్రభుదాసు నుదురు అద్దానికి ఆనించి ఏడుస్తున్నాడు, చేతులు మాత్రం తియ్యలేదు. నేను అతని వేళ్లు ఒకటొకటిగా పదీ లెక్కపెట్టుకుని, తాళం తిప్పాను.